వెండి ఎక్కిన ఓడలు: 1940–1944

పాత మద్రాసు ప్రెసిడెన్సీ తూకాల్లో వీశె అంటే 120 తులాలు. తులం అంటే ఒక రూపాయి ఎత్తు. 1835 నాటి చట్టం తరువాత బ్రిటిషు ఇండియా రూపాయిని 180 గ్రెయిన్ల బరువుతో, అంటే నేటి లెక్కలో సుమారు 11.66 గ్రాములతో, ముద్రించారు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. కాబట్టి రూపాయి డబ్బూ అయింది, తూకపురాయీ అయింది. మా అమ్మమ్మ ఇంట్లో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయి ఒకటి ఉండేది. కంసాలి ఇంటికి వచ్చిన రోజున తప్ప అది పెట్టెలోనుంచి బయటికి వచ్చేది కాదు. "అది ఖర్చుకు కాదు, తూకానికి" అనేది ఆమె.

డబ్బుకు బరువు ఉండేదన్న సంగతి నేటి విద్యార్థికి విడమరచి చెప్పవలసి వస్తున్నది. లక్ష రూపాయలంటే 1,166 కిలోలు, మన పాత లెక్కలో 833 వీశెలు. కోటి రూపాయలంటే 116 టన్నులకు పైన. చరిత్ర పుస్తకాల్లో "వెండి తరలిపోయింది", "బంగారం వచ్చిచేరింది" అనే వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. ఆ వాక్యాలకు కర్తలు ఉండరు. వెండి తనంత తాను తరలిపోదు. ఎవరో కరిగించాలి, తూచాలి, పెట్టెలో పెట్టి మేకు కొట్టాలి, రేవుకు చేర్చాలి, ఓడ అడుగుకు దించాలి, ఆ ఓడను నడపాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన రేవులనుండి వెండితో బయలుదేరిన మూడు ఓడలనూ, బంగారంతో మన రేవుకు వచ్చిన ఒక ఓడనూ తీసుకొని, ఆ కర్తలు ఎవరో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

బరువు, చోటు, లెక్క

ముందుగా పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. మామూలు సరుకుకు ఓడలో చోటు చాలకపోవటం కష్టం. వెండి బంగారాలకు ఆ కష్టం లేదు. నూరు టన్నుల వెండిని ఒకే దిమ్మగా పోస్తే ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న చిన్న గదిలో ఇమిడిపోతుంది. అదే బరువున్న పత్తికి గోదాము కావాలి. బంగారం ఇంకా చిన్నది. అదే బరువు అందులో సగానికి కాస్త ఎక్కువ చోటు మాత్రమే తీసుకుంటుంది. అంత బరువు అంత చిన్న చోట పడటమే ఇక్కడ చిక్కు. ఓడ అడుగున ఒకే మూల పేరిస్తే పలకల మీద భారం పడుతుంది, ఓడ ఒరుగుతుంది. మనిషి ఎత్తగలిగిన బరువుకు ముక్కలు చేయకపోతే రేవులో ఎక్కించటమూ దించటమూ సాధ్యం కాదు. ఇంత పెద్ద రవాణాకు కొలమానం చివరకు మనిషి నడుమే. ఈ వ్యాసంలో రాబోయే ఓడల్లో ఒకదానిలోని వెండి కడ్డీలు ఒక్కొక్కటి సుమారు 35 కిలోలు. మరొకదానిలోని నాణేల పెట్టెలు ఒక్కొక్కటి యాభై కిలోలకు కాస్త తక్కువ. ఒకటి ఒక మనిషి బరువు, రెండవది ఇద్దరు మనుషుల బరువు.

రెండవది లెక్క. కడ్డీకి సంఖ్య ఉంటుంది. దాని బరువు, మేలిమి జాబితాలో ఎక్కుతాయి. పెట్టెకు గుర్తు, ముద్ర ఉంటాయి. టంకసాల నుండి ఖజానాకు, ఖజానా నుండి రైలుకు, రైలు నుండి రేవుకు, రేవు నుండి ఓడకు చేతులు మారిన ప్రతిసారీ పెట్టెలను లెక్కపెట్టి, సంతకం తీసుకుంటారు. చివరి సంతకం ఓడ కెప్టెనుది. బిల్ ఆఫ్ లేడింగ్ అని పిలిచే ఆ సరుకు రసీదే అసలు ఆస్తి. దానిని ఒకటికి మించిన ప్రతులుగా రాసి, వేరువేరు దారుల్లో పంపుతారు. ఓడ మునిగినా కాగితం మునగకూడదని దాని అర్థం. సరుకును కూడా ఒకే ఓడలో ఎక్కించరు. ఒక్క ఓడ మీద ఇంతకు మించిన విలువ వద్దని భీమా సంస్థలు హద్దు పెట్టుకోవటం పాత ఆచారం.

ఈ రెండు సంగతులూ మనసులో ఉంచుకుంటే తక్కిన కథ సులువుగా అర్థమవుతుంది.

రూపాయి నుండి వెండి బయటికి

1940 వేసవిలో ఫ్రాన్సు ఓడిపోయింది. ఆ వార్తతో మన దేశంలో జనం కాగితపు నోట్లను వెండి రూపాయలుగా మార్చుకోవటానికి ఎగబడ్డారు. రూపాయి నాణెం పెట్టెల్లోకి, కుండల్లోకి పోయి మాయమైంది. ఆ జూలైలోనే ప్రభుత్వం ఒక రూపాయి నోటును విడుదల చేసింది. అదే సంవత్సరం రూపాయిలోని వెండిని సగానికి తగ్గించింది. కొత్త రూపాయిలో సగం వెండి, నలభై పాళ్ళు రాగి, మిగిలిన పదిలో నికెలు, తుత్తునాగం. పాత రూపాయలను వరుసగా వెనక్కి పిలిచింది. విక్టోరియా రూపాయి 1941 మార్చి 31 తరువాత చెల్లలేదు. ఎడ్వర్డు రూపాయి 1942 మే 31 తరువాత చెల్లలేదు. 1943 మే నాటికి జార్జి రాజుల పాత వెండి రూపాయల వంతు కూడా వచ్చింది.

అట్లా మన పల్లెల పెట్టెల్లోనుంచి, తాలూకా ఖజానాల్లోనుంచి వచ్చిన వెండి ప్రభుత్వం చేతిలో పోగుపడింది. యుద్ధంలో ఉన్న బ్రిటనుకు వెండి కావాలి. నాణేలకూ కావాలి, పరిశ్రమలకూ కావాలి. దక్షిణాఫ్రికాకు నాణేలు ముద్రించుకోవటానికి కావాలి. కాబట్టి వెండి ఓడలెక్కింది.

గైర్‌సొప్ప

కర్ణాటకలో శరావతి నది ఒడ్డున గేరుసొప్ప అనే ఊరు ఉంది. పదహారో శతాబ్దిలో చెన్నభైరాదేవి ఏలుబడిలో మిరియాల వ్యాపారానికి పేరుపొందిన చోటు. జోగ్ జలపాతాన్ని ఇంగ్లీషువారు ఈ ఊరి పేరుతోనే పిలిచేవారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తన ఓడలకు మన ఊర్ల పేర్లు పెట్టేది. పందొమ్మిదో శతాబ్దిలో దాని ఓడ ఒకటి 'గోల్కొండ'. 1919లో కట్టిన మరొకదానికి ఈ ఊరి పేరు పెట్టి, ఇంగ్లీషు నాలుకకు తగినట్లు 'గైర్‌సొప్ప' అన్నారు.

1940 డిసెంబరులో ఈ ఓడ కలకత్తా నుండి పోత ఇనుము, తేయాకు, వెండి ఎక్కించుకొని బయలుదేరింది. మధ్యధరా సముద్రం దారి యుద్ధం వల్ల మూసుకుపోయింది. సూయెజ్ మీదుగా పోవలసిన ఓడ ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోవాలి. పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌను రేవులో మిగతా ఓడలతో కలిసి, 1941 జనవరి చివర ఒక వరుసగా కదిలింది. బరువు ఎక్కువ, వేగం తక్కువ, ఎదురుగాలి. బొగ్గు తరిగిపోయింది. వరుసతో పాటు నడిస్తే ఇంగ్లండుకు చేరదని కెప్టెను ఐర్లండులోని గాల్వే రేవువైపు ఒంటరిగా తిప్పాడు. ఫిబ్రవరి 17 రాత్రి ఒక జర్మను జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఇరవై నిమిషాల్లో ఓడ మునిగింది.

ఒక పడవలో ముప్ఫై ఒక్కరు ఎక్కారు. వారిలో ఇరవై ముగ్గురు మన దేశపు నావికులు. చలికాలపు అట్లాంటిక్ మీద, చాలీచాలని నీళ్ళతో, రోజుకు కొందరు చొప్పున చనిపోయారు. పదమూడో రోజున పడవ ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ తీరానికి చేరేసరికి ప్రాణాలతో ఉన్నది కొద్దిమందే. ఒడ్డు దగ్గర అలలకు పడవ తిరగబడింది. బతికి బయటపడినవాడు రెండవ అధికారి రిచర్డ్ అయర్స్ ఒక్కడే. ఓడలో ఉన్న 86 మందిలో 85 మంది పోయారు.

సిటీ ఆఫ్ కైరో, తిలావా

1942 అక్టోబరు ఒకటిన 'సిటీ ఆఫ్ కైరో' బొంబాయి నుండి బయలుదేరింది. ప్రయాణికులు ఉన్నారు, రెండు వేలకు పైగా పెట్టెల్లో సుమారు నూరు టన్నుల వెండి నాణేలూ ఉన్నాయి. రూపాయి బరువును బట్టి చూస్తే ఇది 85 లక్షల రూపాయల తూకం. నవంబరు 6న దక్షిణ అట్లాంటిక్‌లో, సెయింట్ హెలినా దీవికి చాలా దూరాన, జర్మను జలాంతర్గామి దానిని ముంచింది. మునగటంలో పోయినవారు కొద్దిమంది. అసలు కష్టం తరువాత వచ్చింది. పడవలు విడిపోయాయి. ఒక పడవ యాభై ఒక్క రోజులు కొట్టుకుపోయి బ్రెజిల్ దగ్గర దొరికింది. అందులో ప్రాణంతో ఉన్నవారు ఇద్దరు. మొత్తం మీద 104 మంది మరణించారు.

అదే నెలలో 'తిలావా' బొంబాయి నుండి తూర్పు ఆఫ్రికాకు, దర్బానుకు బయలుదేరింది. ఇది ముందు చెప్పిన బ్రిటిష్ ఇండియా కంపెనీదే. ఓడలో 958 మంది మనుషులు, దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొన్న 2,364 వెండి కడ్డీలు. నవంబరు 23న సీషెల్స్ దీవులకు ఈశాన్యంగా జపాను జలాంతర్గామి దానిని కొట్టింది. మొదటి దెబ్బకు ఓడ వెంటనే మునగలేదు. పడవల్లోకి దిగినవారిలో కొందరు ఇక భయం లేదనుకొని తిరిగి ఓడెక్కారు. అప్పుడు రెండవ టార్పెడో తగిలింది. 280 మంది పోయారు. వారిలో ఎక్కువమంది ప్రయాణికులు: ఆఫ్రికాలో దుకాణాలో, ఉద్యోగాలో ఉన్నవారు, వారి భార్యలు, పిల్లలు.

ప్రయాణికుల ఓడలో వెండి ఎందుకు ఎక్కించారని విద్యార్థులు అడుగుతారు. కాలం ప్రకారం నడిచేది ప్రయాణికుల ఓడ. దానికి వేగం ఎక్కువ, అందులో తాళం వేసే గది ఉంటుంది, అధికారులు ఉంటారు. శాంతికాలంలో ఈ తర్కం సరైనదే. విలువైన సరుకుకు భద్రమైన చోటు మనుషులున్న చోటే. యుద్ధకాలంలో ఆ తర్కం తలకిందులైంది, అలవాటు మాత్రం మిగిలింది.

బంగారం వచ్చిన రోజు

1943 నాటికి పరిస్థితి మారింది. యుద్ధపు ఖర్చుకు నోట్లు గుట్టలుగా అచ్చయ్యాయి, ధరలు పెరిగాయి. బెంగాలులో కరువు వచ్చింది. జనం చేతిలోని నోట్లను వెనక్కి లాగటానికి, ఆ ఏడు ఆగస్టు నుండి రిజర్వు బ్యాంకు మిత్రరాజ్యాల తరఫున బంగారం అమ్మటం మొదలుపెట్టింది. ఇప్పుడు లోహం ఎదురు దారిలో రావాలి.

'ఫోర్ట్ స్టికీన్' అనే ఓడ 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుండి బయలుదేరింది. అందులో పెట్టెకు నాలుగు చొప్పున ముప్ఫై ఒక్క పెట్టెల్లో 124 బంగారు కడ్డీలు. ఒక్కొక్కటి పన్నెండున్నర కిలోలకు పైన. వాటికోసం ఇనుప తొట్టి ఒకటి చేయించి, మూత అతికించి ఉంచారు. బంగారానికి కావలసిన జాగ్రత్త అంతా తీసుకున్నారు. అయితే ఆ ఓడలోనే సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉంది. కరాచీలో పత్తి బేళ్ళు కూడా ఎక్కించారు. పత్తి నిప్పంటుకుంటే లోలోపల రగులుతూ పోతుంది. మందుగుండు పక్కన అది ఉండరాదని ఓడ పనివారికి తెలియని విషయం కాదు. యుద్ధంలో చోటు దొరకటమే గగనం కాబట్టి ఎక్కించారు.

ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఓడ అంటుకుంది. సాయంత్రం నాలుగు దాటాక అరగంట తేడాతో రెండుసార్లు పేలింది. చుట్టుపక్కల ఓడలు, గోదాములు, ఇళ్ళు కాలిపోయాయి. వందలాదిమంది చనిపోయారు, వారిలో మంటలార్పటానికి వెళ్ళినవారూ రేవు కూలీలూ ఉన్నారు. ఒక బంగారు కడ్డీ ఎగిరివచ్చి చాలా దూరాన ఒక ఇంటి కప్పు చీల్చుకొని పడింది. తక్కిన కడ్డీలు చాలా వరకు తరువాతి ఏళ్ళలో రేవు పూడిక తీస్తుంటే దొరికాయి. 2011లో కూడా రెండు బయటపడ్డాయి. కడ్డీ దొరికిన ప్రతిసారీ అది ఏ ఓడదో తెలిసింది, ఎందుకంటే దాని మీద సంఖ్య ఉంది. చనిపోయినవారు మొత్తం ఎంతమందో మాత్రం ఒక పుస్తకానికీ ఇంకొక పుస్తకానికీ పొంతన కుదరదు.

వెండి కథ కూడా అట్లాగే వెనక్కి తిరిగింది. పాత రూపాయలను వెనక్కి పిలిచి వెండిని బయటికి పంపిన దేశం, యుద్ధం చివరి ఏళ్ళలో వెండి చాలక అమెరికా దగ్గర అప్పు తీసుకుంది. లెండ్-లీజు పద్దు కింద అమెరికా మనకిచ్చింది 22 కోట్ల 60 లక్షల ఔన్సులు, అంటే ఏడు వేల టన్నులు. గైర్‌సొప్పలో దొరికిన వెండికి డెబ్బై రెట్లు. విభజన తరువాత ఈ అప్పు భారత, పాకిస్తానుల మధ్య పంచబడింది. 1947లో రూపాయి పూర్తిగా నికెలు నాణెమైంది. చలామణి నుండి వెనక్కి వచ్చిన సగం వెండి రూపాయలను కరిగించి, వెండిని వేరుచేసి, 1957 నాటికి ఆ అప్పు తీర్చారు. కంసాలి త్రాసులో తూకపురాయిగా పనికివచ్చే రూపాయి అంతటితో చరిత్రలో కలిసింది.

వెండి ఎవరిది?

మునిగిన మూడు వెండి ఓడలకూ మరొక అధ్యాయం ఉంది. గైర్‌సొప్పను 2011లో సముద్రం అడుగున, 4,700 మీటర్ల లోతులో గుర్తించారు. టైటానిక్ ఉన్న లోతు కంటే ఇది ఎక్కువ. 2012, 2013 సంవత్సరాల్లో యంత్రాలతో 2,792 కడ్డీలు పైకి తీశారు. భీమా కాగితాల్లో ఉన్న సంఖ్య 2,817. డెబ్బై ఏళ్ళ తరువాత, అయిదు కిలోమీటర్లకు కాస్త తక్కువ లోతున, నూటికి తొంభై తొమ్మిది వంతుల సరుకు లెక్కకు వచ్చింది. యుద్ధకాలపు భీమా డబ్బు చెల్లించింది కాబట్టి బ్రిటిషు ప్రభుత్వం ఆ వెండికి హక్కుదారు అయింది; దానితో ఒప్పందం చేసుకున్న సంస్థ తీసింది. ఆ వెండిలో కొంతతో బ్రిటిషు టంకసాల చిన్న నాణేలు ముద్రించి, అంచున ఓడ పేరు చెక్కింది. సిటీ ఆఫ్ కైరో నాణేలను కూడా అయిదు కిలోమీటర్లకు పైన లోతునుండి తీశారు. ఆ సంగతి 2015లో బయటపెట్టారు.

తిలావా కడ్డీలు 2017లో పైకి వచ్చాయి. వాటికోసం లండనులో వ్యాజ్యం నడిచింది. తీసిన సంస్థ తన కూలి అడిగింది. దక్షిణాఫ్రికా తాను సార్వభౌమ రాజ్యం కాబట్టి తన మీద దావా చెల్లదన్నది. చట్టంలో ఒక మాట ఉంది: సరుకు వాణిజ్యానికి 'వాడుకలో' ఉంటేనో, వాడదలచి ఉంటేనో, రాజ్యానికి ఆ రక్షణ ఉండదు. ఓడలో ప్రయాణం చేస్తున్న వెండి 'వాడుకలో' ఉన్నట్లా? భాషాశాస్త్రం చదువుకున్న మాకు ఈ వ్యాజ్యం మీద ఆసక్తి కలిగింది అందుకే. కింది కోర్టులు ఉన్నట్లే అన్నాయి. 2024 మేలో బ్రిటను సుప్రీంకోర్టు కాదన్నది. ఓడ అడుగున ఊరికే పడి ఉన్న సరుకు, ఓడ ఎంత వ్యాపారపుదైనా, తాను వాడుకలో ఉన్నట్లు కాదని తేల్చింది.

ఒక క్రియాపదానికి అర్థమేమిటో మూడు కోర్టులు కూర్చొని విచారించాయి. కడ్డీల సంఖ్య గురించి మాత్రం ఎవరికీ సందేహం లేదు.

ఓడ మనుషులు

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు రావాలి. ఈ వెండిని మోసింది ఎవరు?

యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిషు వ్యాపార ఓడల్లో సుమారు యాభై వేలమంది మన దేశపు నావికులు ఉన్నారు. మొత్తం సిబ్బందిలో ఇంచుమించు నాలుగో వంతు. కాగితాల్లో వారిని లస్కర్లు అన్నారు. బ్రిటిషు నావికుడి జీతంలో చిన్న భాగం మీద పనిచేసేవారు. 1939 చివరి నెలల్లో వారు బ్రిటిషు రేవుల్లో సమ్మె చేసి, కొంత పెంపు సాధించుకున్నారు. కలకత్తాలో ఎక్కేవారిలో అధికులు తూర్పు బెంగాలు జిల్లాలవారు. బొంబాయి ఓడల్లో గోవావారు, కొంకణ తీరంవారు ఎక్కువ. ఆ యుద్ధంలో ఆరు వేలకు పైగా మన నావికులు చనిపోయారు. వారి పేర్ల పుస్తకం ఒకటి ముంబయిలో, అదే పుస్తకం చిట్టగాంగులో ఉన్నాయి. నాణెం అంచున చోటు దొరికింది ఓడ పేరుకే.

ఈ నావికుల్లో మనవారు ఎక్కువ లేరు కదా, తెలుగు విద్యార్థులకు దీనితో పనేమిటి అన్న ప్రశ్న రావచ్చు. రెండు కారణాలు చెబుతాము.

మొదటిది మాటలు. ఓడలో నావికుల పెద్ద సరంగు. అతని కింద తండేలు. వారి కింద కలాసీలు. చక్రం పట్టేవాడు సుకానీ. సరంగు పారసీక పదం. గోదావరి మీద లాంచీ నడిపేవాడిని మనం ఇప్పటికీ సరంగు అనే అంటాం. తండేలు శ్రీకాకుళం తీరాన చేపలవేటకు పోయే పడవ నాయకుడు. కలాసీ అరబ్బీ నుండి వచ్చి విశాఖ, కాకినాడ రేవుల్లో స్థిరపడింది. సుకానీకి మూలమైన అరబ్బీ మాటకు చుక్కాని అని అర్థం. మన చుక్కాని దాని చుట్టమే. చిట్టగాంగు మనిషి, గోవా మనిషి, కోరంగి మనిషి ఒకే ఓడ మీద ఒకరికొకరు అర్థమయ్యేలా పని చేసిన కాలం ఈ మాటల్లో మిగిలింది. గైర్‌సొప్ప పడవలో ఇరవై ముగ్గురికి వినిపించిన ఆజ్ఞలు మన రేవుల్లో ఏ ముసలి కలాసీకైనా అర్థమయ్యేవే.

రెండవది కంపెనీ. గైర్‌సొప్పను, తిలావాను నడిపిన బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లోనే కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, గోపాలపూర్ రేవులనుండి మనవారు రంగూనుకు వెళ్ళారు. బరంపురం ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో రంగూను మాట ఎత్తని ఇల్లు అరుదు. యానాం పక్కనే ఉన్న కోరంగి 1839 తుపానుకు రేవుగా దెబ్బతిన్నది. అయినా బర్మాలో తెలుగువారి పేరు 'కోరంగీలు' అనే స్థిరపడింది. ఒక ఊరి పేరు ఓడకు పెట్టారు, మరొక ఊరి పేరు మనుషులకు పెట్టారు. కన్నడ దేశపు ఊరు అట్లాంటిక్ అడుగున వెండి జాబితాలో దొరికింది. మన కోరంగి పేరు కూలీల లెక్కలో దొరుకుతుంది. రెండూ ఒకే రకం కాగితాలు: ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, తలకు ఎంత.

గైర్‌సొప్పలో వెండితో పాటు ఇంకొకటి కూడా దొరికింది. తపాలా. 1940 చివర భారతదేశం నుండి బయలుదేరిన ఏడు వందలకు పైగా ఉత్తరాలు, వెలుతురు సోకని ఆ లోతులో చివికిపోకుండా మిగిలాయి. 2018లో లండను తపాలా ప్రదర్శనశాలలో వాటిని చూపారు. సిపాయి ఉత్తరం, కొడుకు తల్లికి రాసిన ఉత్తరం. వాటికి భీమా లేదు, వాటికోసం ఎవరూ వెతకలేదు. కడ్డీల కోసం దిగిన యంత్రానికి తగిలాయి.

తిలావాలో పోయినవారి సంతతి కూడా ఇట్లాగే పూనుకున్నారు. ఏ ప్రభుత్వమూ కదలకుండానే పేర్లు సేకరించారు. ఎనభై ఏళ్ళు నిండిన 2022లో ముంబయిలో స్మారక సభ జరుపుకున్నారు. కడ్డీల మీద వ్యాజ్యం నడవకపోతే ఆ ఓడ పేరు పత్రికల్లోకి వచ్చేదే కాదు. వెండి పేరు చెప్పుకొని మనుషులు బయటికి వచ్చారు.

మన విద్యార్థులు నేర్చుకోవలసిన పద్ధతి ఇదే అని మేము అనుకుంటున్నాము. తెలుగునాడుకు బయట స్థిరపడిన మన కుటుంబాలకు రాజుల శాసనాలు లేవు, జమీందారుల రికార్డులూ తక్కువే. మన పెద్దలు ఎక్కువగా కనిపించేది సరుకుల కాగితాల్లో: ఓడ రసీదుల్లో, రేవు కూలి పద్దుల్లో, టంకసాల లెక్కల్లో, రైలు గోదాముల చిట్టాల్లో. అవి చరిత్ర కాదని పక్కన పెట్టవద్దు. పెట్టె బరువు యాభై కిలోలని ఉంటే, దానిని ఎత్తినవారు ఇద్దరని చదవాలి. రెండు వేల పెట్టెలని ఉంటే, ఎన్ని చేతులు ఎన్ని రోజులు పనిచేసి ఉంటాయో లెక్క కట్టాలి.

వచ్చే సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళినప్పుడు మూడు పనులు చేయమని కోరుతున్నాము. ఇంట్లో పాత వెండి రూపాయి ఉంటే దాని సంవత్సరం రాసుకోండి; అది ఎందుకు ఖర్చు కాలేదో, 1941లో ఎందుకు వెనక్కి ఇవ్వలేదో పెద్దలను అడగండి. రేవులో గాని, ఓడలో గాని పనిచేసినవారు ఇంట్లోనో వీధిలోనో ఉంటే, వారి పనిముట్ల పేర్లు, పైవారి హోదాల పేర్లు, వారు ఎక్కిన ఓడల పేర్లు వారి నోటి మాటల్లోనే రాసుకోండి. తిరిగి రానివారు ఉంటే వారి పేరు, ఊరు, బయలుదేరిన ఏడు రాసుకోండి. ఆ మూడో జాబితాను ముందు పంపండి.